కేకు మీద కాసేపు ఆగండి

ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా తేలికైనది. భార్య వీధి మూలనున్న ఖాళీ కొట్టు చూడటానికి వెళ్తుంది. భర్త కంప్యూటర్లో ఒక మీట నొక్కుతాడు. అత్తగారు కేకును అట్టపెట్టెలో పెడుతుంది. బండి మనిషి వచ్చి పట్టుకుపోతాడు. "ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది?" అని చెప్పులేసుకుంటున్న భార్యను భర్త అడిగాడు. అలా అడిగేవాళ్ళకు ఆ చోటేదో చూపించేదాకా విధికి నిద్రపట్టదు.

భార్య ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను కేకులావిడ అంటారు. అత్తగారికి కోడలి కేకులంటే ఇష్టమే గానీ, తన వంటిల్లంటే ఇంకా ఇష్టం. ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపితే చక్కెరపొడి తగులుతోంది. పొయ్యి మీద నీళ్ళు పెట్టుకుందామంటే అక్కడ క్రీము గిన్నె కూర్చుని ఉంటోంది. "అమ్మాయ్, లోకాన్నంతా తీపి చెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. నా పొయ్యి మాత్రం నాకిప్పించు" అని ఆవిడ నెల రోజులుగా మర్యాదగానే అడుగుతోంది. ఆ మర్యాద రోజురోజుకీ పల్చబడుతోంది.

మూల కొట్టు దొరికితే ఇద్దరి కష్టాలూ తీరిపోతాయి. కొట్టు యజమాని మాత్రం సాయంత్రంలోగా ఔనో కాదో తేల్చమన్నాడు, లేకపోతే గొడుగులు బాగుచేసేవాడికి ఇచ్చేస్తానన్నాడు. ఔననడానికి కేకులావిడకు ఒక నమ్మకమైన బేరం కావాలి. ఆ బేరం పై వీధిలో, ఇళ్ళ ప్లాన్లకు అనుమతులిచ్చే ఆఫీసులో ఉంది. అక్కడ అందరికీ పై అధికారి పెద్దసారు. ఆయన ఆ రోజే పదవీ విరమణ చేస్తున్నాడు. ఆయన తర్వాతివాడు చిన్నసారు. "రేపు నేనా కుర్చీలో కూర్చోనీయండి మేడమ్, ఏడాది పొడుగునా మా ఆఫీసు కేకులన్నీ మీవే" అని మాటిచ్చాడు. కాబట్టి కేకులావిడ కొట్టు, అత్తగారి పొయ్యి, రెండూ పెద్దసారు కుర్చీలోంచి లేవడం మీదే ఆధారపడి ఉన్నాయి. ఆయన వీడ్కోలు కేకు కూడా ఈమెదే. చిన్నసారు ముందే నోటిమాటగా చెప్పడంతో రాత్రే తయారైంది, పైన రాత ఒక్కటే మిగిలింది.

ఆ రాత దగ్గరే భర్త చెయ్యి పెట్టాడు. అతను ఇంటినుంచి పనిచేసే ప్రోగ్రామరు. ఏ పని చూసినా "దీన్ని ఆటోమేటిక్ చేసెయ్యొచ్చు" అంటాడని తోటి ఉద్యోగులు అతనికి ఆటోమేటిక్ అనే పేరు ఖాయం చేశారు. భార్య ఇన్నాళ్ళూ ఫోన్లో ఆర్డరు చూసి, క్రీము కోనుతో తన చేత్తోనే ముత్యాల్లాంటి అక్షరాలు రాసేది. అందుకు పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలు మిగల్చడానికి ఆటోమేటిక్ మూడు ఆదివారాలు ఖర్చుపెట్టాడు. అతని జాతికి ఇది లాభసాటి వ్యాపారం.

కష్టపడి కట్టిన ఏర్పాటు ఇది. ఆర్డరిచ్చేవాళ్ళు ఒక వెబ్‌సైటులో వివరాలు నింపుతారు. మీట నొక్కగానే ప్రోగ్రాం ఆ సైటును ఆర్డరు పేజీ పంపమని అడుగుతుంది. పేజీ కంటికి సొంపుగానే కనబడుతుంది గానీ, లోపల చూస్తే పేర్లు తగిలించిన పెట్టెల గుట్ట. ఒక పెట్టెలో చిరునామా, ఒక పెట్టెలో కేకు సైజు, ఒక పెట్టెలో కేకు మీద రాయాల్సిన మాట. ఆ గుట్టలోంచి మాట ఉన్న పెట్టెను ఏరి, లోపలి అక్షరాలు తీసి, ప్రింటరుకు పంపడం ప్రోగ్రాం పని. ప్రింటరు తినే సిరాతో పల్చటి చక్కెర పొర మీద ఆ మాట అచ్చువేస్తుంది. పొరను కేకు మీద పరచడమే తరువాయి.

అయితే అడగ్గానే జవాబు రాదు. అడిగి వచ్చేయాలి, అది తనకు వీలైనప్పుడు వస్తుంది. ఈలోపు ఆటోమేటిక్ తన ప్రోగ్రామును ఒక్క రెప్పపాటు ఆగమన్నాడు. పరీక్షించిన మూడు ఆదివారాలూ జవాబు రెప్పపాటులోనే వచ్చింది. నాలుగోసారి కూడా అలాగే రావాలన్న చట్టం ఎక్కడా లేదు.

భార్య వీధి మలుపు తిరగ్గానే అతను మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు ముందుగదిలో తన చెల్లెలితో వీడియో కాల్ మాట్లాడుతోంది. చెల్లెలు కొత్తగా కొన్న బీరువాను అర అరా తెరిచి చూపిస్తోంది. ఇంట్లో ఉన్న ఇంటర్నెట్టంతా ఆ బీరువా అరల్లోనే దూరింది. ప్రోగ్రాం రెప్పపాటు ఆగింది. పేజీలో పెట్టెలు వచ్చాయి గానీ వాటిలోకి జవాబు ఇంకా రాలేదు. అయినా అది తన పని ఆపలేదు, ఆ పెట్టెలో అప్పటికేది ఉంటే అది తీసుకుని ప్రింటరుకిచ్చేసింది. అసలు సమాచారం వచ్చేదాకా ఆ సైటు ప్రతి పెట్టెలోనూ ఒకే మాట పెట్టి ఉంచుతుంది.

ప్రింటరు బరబరమంది. ఆటోమేటిక్ తొంగిచూశాడు. పొర వచ్చింది, దాని మీద అక్షరాలూ వచ్చాయి. ప్రోగ్రామర్లు వచ్చిందా లేదా అనే చూస్తారు, ఏం వచ్చిందో చదవడం వేరే శాఖవాళ్ళ పని. పొరను తీసి కేకు మీద చక్కగా పరిచాడు. "అమ్మా, అయిపోయింది, పెట్టెలో పెట్టెయ్" అని కేకేసి, తన ఆఫీసు మీటింగు కోసం గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

అత్తగారు బీరువాకి వీడ్కోలు చెప్పి వంటింట్లోకి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని కేకు మీది అక్షరాలు కూడబలుక్కుంది.

"దయచేసి కాసేపు ఆగండి."

ఆవిడకు ముచ్చటేసింది. మిషను అయితేనేం, ఎంత మర్యాదగా చెబుతోంది! సిరా ఇంకా ఆరలేదు కాబోలు. ఆవిడ పెట్టె మూత పట్టుకుని, ముక్కాలిపీట వేసుకుని కేకు ఎదురుగా కూర్చుంది. బండి మనిషి గుమ్మంలో హారను కొడితే "కాసేపు ఆగమంటోంది నాయనా, ఇంట్లో పెట్టిన మిషను మాట కాదనకూడదు" అని అతన్నీ ఆపింది. కాసేపయ్యాక అక్షరాల మీద వేలు ఆనించి చూసి, ఆరిందని రూఢి చేసుకుని, కేకును పెట్టెలో పెట్టి పంపింది. చెప్పిన పని చెప్పినట్టు చేసిన మనిషి ఆ రోజంతటిలో ఆవిడ ఒక్కతే.

పై వీధి ఆఫీసులో బల్లలు గోడలకు జరిపారు. పెద్దసారు ఇస్త్రీ చొక్కాలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా నిలబడ్డాడు. ఆయనకో రహస్యం ఉంది. ఇంకో ఏడాది పనిలో ఉంటారా అని పైవాళ్ళు వారం క్రితమే అడిగారు. సాయంత్రంలోగా ఫోనులో చెప్పాలి. ఆయనకు ఉండాలనే ఉంది. కానీ ఆఫీసులో ఒక్కరు కూడా "అయ్యో, వెళ్ళిపోతున్నారా?" అని అనలేదు. ఒక్కమాట అంటారేమోనని వారమంతా కారణం లేకుండా ప్రతి బల్ల దగ్గరా కాసేపు నిలబడి చూశాడు. వాళ్ళు ఏదో తప్పు దొరికిందనుకుని ఫైళ్ళు దాచుకున్నారు. అందుకే ఇక వద్దని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాడు.

చిన్నసారు పెట్టె మూత తీశాడు. పెద్దసారు వంగి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆ ఆఫీసులో ఆ మాట రోజూ వందమంది చెవిన పడేదే గానీ, ఎప్పుడూ కౌంటరు బయట నిలబడ్డవాళ్ళకే.

"దయచేసి కాసేపు ఆగండి..." అని పైకే అన్నాడు. "మీ మనసుల్లో ఇంత ఉందని నాకు తెలీదర్రా."

ముందుగా చప్పట్లు కొట్టింది టైపిస్టు. ఎవరో పెద్దవాళ్ళు చెప్పి రాయించి ఉంటారనుకుంది. ఆమె కొట్టింది కదాని రికార్డుల గుమాస్తా కొట్టాడు. అందరూ కొడుతుంటే తనొక్కడే చేతులు కట్టుకుంటే ఏం బాగుంటుందని చిన్నసారు కూడా కొట్టాడు. అలవాటు కొద్దీ అందరికంటే గట్టిగా కొట్టాడు.

"మీరంతా ఇంతగా అడుగుతుంటే కాదనడానికి నేనేమైనా రాయినా?" అన్నాడు పెద్దసారు. "పైవాళ్ళకి సాయంత్రం ఫోన్ చేసి చెప్పేస్తాను. ఇంకో ఏడాది మీతోనే ఉంటాను. ఈ కేకు కొయ్యొద్దు. నా గదిలో పెట్టండి."

చిన్నసారు చప్పట్ల మధ్యలో ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా వరండాలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి కేకులావిడకు ఫోన్ చేశాడు.

కేకులావిడ అప్పుడు మూల కొట్టులో నిలబడి, పొయ్యి ఈ గోడకా ఆ గోడకా అని ఊహించుకుంటోంది. ఫోనులో సంగతి వినగానే రెండు గోడలూ మాయమయ్యాయి.

"ఏం రాశారు మేడమ్ మీరు? ఆయన్ని ఆగమని మేమెప్పుడు చెప్పాం? నేనా కుర్చీకి కొత్త దిండు కూడా కుట్టించుకున్నాను!"

"సార్, ఏదో పొరపాటు జరిగింది. మీరు పేజీలో నింపిన మాట ఉంటుంది కదా, దాంతో ఇంకో కేకు వెంటనే పంపిస్తాను."

"వెంటనే పంపండి. అసలు మాట కళ్ళబడితే ఆయనే సర్దుకుంటారు. సాయంత్రం ఆయన ఫోన్ చేశారంటే మాత్రం మీ కొట్టూ లేదు, నా కుర్చీ లేదు."

ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "ఏమండీ, కేకు మీద 'దయచేసి కాసేపు ఆగండి' అని వచ్చిందట!"

"ఆహా! అర్థమైంది. జవాబు రాకముందే తీసేసుకుంది. చిన్న సంగతే. జవాబు వచ్చాకే తీసుకోమని రాస్తే సరి."

"ఇప్పుడు రాయడాలెందుకండీ? ఆ మాటేదో చూసి టైపు కొట్టెయ్యండి."

"టైపు కొట్టడమా?" ఆటోమేటిక్ గొంతులో నిజమైన బాధ వినిపించింది. "అలాంటప్పుడు ఇక ప్రోగ్రాం ఎందుకు?"

కొట్టు యజమానికి చూపించడానికని ఆమె చేసి ఉంచిన చిన్న కేకు ఫ్రిజ్‌లో ఉంది. దాన్ని తీయమని చెప్పి, ఆమె ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది. ఇక్కడ ఆటోమేటిక్ నిజంగానే తప్పు దిద్దాడు. జవాబు పూర్తిగా వచ్చేదాకా కదలొద్దని ప్రోగ్రాముకు గట్టిగా చెప్పాడు. అది బుద్ధిగా ఆగింది, జవాబు వచ్చింది, పెట్టెల గుట్ట మొత్తం వచ్చింది. ఇక్కడే రెండో చిక్కు పొంచి ఉంది. ఇంట్లో బుజ్జి అనే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే, "బుజ్జీ" అని కేకేసినప్పుడు గుమ్మానికి దగ్గరున్న బుజ్జి వస్తుంది. ఆ పేజీలో "మాట" అనే పేరున్న పెట్టెలు రెండున్నాయి. కింద ఉన్నది కేకు మీద రాయాల్సిన మాట. పైన ఉన్నది కేకు చేసేవాళ్ళకు చెప్పదలచుకున్న మాట. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆ పై పెట్టె పేజీలో కనిపించనే కనిపించదు. ఆటోమేటిక్ పరీక్షల కోసం తనకు తానే పెట్టుకున్న ఆర్డర్లలో తనకు తాను ఏ సూచనలూ ఇచ్చుకోలేదు. చిన్నసారు మాత్రం సూచనలివ్వకుండా ఏ పనీ చెయ్యడు.

ప్రింటరు బరబరమంది. ఈసారి మూడు వరుసలు వచ్చాయి. పోయినసారికంటే ఎక్కువే వచ్చిందని ఆటోమేటిక్ సంతోషించి, పొరను చిన్న కేకు మీద పరిచాడు. గదిలోంచి అతని మేనేజరు "ఉన్నారా? వినబడుతోందా?" అని అప్పటికే చాలాసేపటినుంచి అడుగుతున్నాడు. "అమ్మా, పంపించెయ్!" అని మళ్ళీ లోపలికి పోయాడు.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చదివింది. "మధ్యాహ్నంలోపు పంపించెయ్యండి. ఆలస్యమైతే ఊరుకోం. పాత సరుకు మాకొద్దు."

పొద్దున అంత మర్యాదగా మాట్లాడిన మిషను ఇప్పుడు కోపంగా ఉంది. తను ఆగినందుకే అలిగిందేమో! సిరా ఆరిందో లేదో కూడా చూడకుండా కేకును పెట్టెలో పడేసి, మెట్ల మీద పక్కింటివాళ్ళ పార్శిలు దించుకుంటున్న బండి మనిషి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "ముందు ఇది పట్టుకుపో నాయనా, అది మండిపడుతోంది" అంది. అతను కేకు వైపు భయంభయంగా చూసి బండి స్టార్టు చేశాడు.

ఆఫీసు గుమ్మంలో చిన్నసారే ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. మూత తీసి చూసుకునేంత ఓపిక లేకపోయింది. అందరినీ మళ్ళీ పిలిచి, రెండు చేతులతో పెట్టె పట్టుకుని పెద్దసారు ముందు నిలబడ్డాడు.

"సార్, పొద్దున వచ్చిందాంట్లో చిన్న తేడా జరిగింది. నేను స్వయంగా రాయించింది ఇదీ."

పెద్దసారు నవ్వుతూ మూత తీశాడు. చదువుతుంటే నవ్వు ఒక్కో వరుస దగ్గరా కొంత కొంత తగ్గుతూ, మూడో వరుస దగ్గర పూర్తిగా పోయింది. "పాత సరుకు" అన్న మాట మాత్రం రెండుసార్లు పైకి చదివాడు. చిన్నసారు వంగి చూశాడు. ఆ వాక్యాలు పొద్దున ఇంట్లోంచి బయల్దేరేముందు తను టైపు చేసినవే. ఇంకెవరివైనా అయితే కాదనేవాడే.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే సార్, కానీ..."

"నువ్వేనా కాదా?"

"నేనే సార్."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక టైపిస్టు చేతులు గాల్లోనే ఉంచుకుంది. పెద్దసారు అందరినీ ఒకసారి కలయజూశాడు. "ఏడాది అన్నాను కదూ? పొరపాటు. రెండేళ్ళు అడుగుతాను. ఇస్తే మూడేళ్ళు" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కోపంగానే వెళ్ళాడు గానీ, లోపల కూర్చున్నాక ఆయనకు ఏడుపొచ్చింది. బల్ల మీద పొద్దుటి కేకు "దయచేసి కాసేపు ఆగండి" అంటూనే ఉంది. దేన్ని నమ్మాలో తెలియలేదు.

కేకులావిడ ఇల్లు చేరేసరికి చిన్నసారు దగ్గర్నుంచి రెండో ఫోను కూడా వచ్చేసింది. అది ఫోను కాదు, శాపనార్థం. ఆమె నేరుగా కంప్యూటరు గదిలోకి వెళ్ళి, భర్త పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అసలు ఏం జరిగిందో నాకర్థమయ్యేలా చెప్పండి."

అతను చెప్పాడు. పెట్టెల గురించీ, జవాబు గురించీ, రెప్పపాటు గురించీ చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆమె ఓపిగ్గా విన్నది.

"అంటే మొదటిసారి పొయ్యి మీద పెట్టి, ఉడక్కముందే వడ్డించారు. రెండోసారి ఉడికేదాకా ఆగారు గానీ వేరే గిన్నె దించారు."

"సరిగ్గా అంతే!" అన్నాడతను, భార్య తెలివికి మురిసిపోతూ.

"మురిసిపోకండి. కొంప మునిగింది."

గుమ్మంలోంచి అత్తగారు అంది. "నన్నేమీ అనకండర్రా. అది ఆగమంది, ఆగాను. పంపించెయ్యమంది, పంపించేశాను."

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూల కొట్టు ఆమెకు ఎంత కావాలో ఆ క్షణంలోనే తెలిసింది. ఇంకొకరి పొయ్యి పక్కన, ఇంకొకరి ఉప్పు డబ్బా జరుపుకుంటూ ఇక బతకలేనని తెలిసింది.

"మూడోసారి తీస్తాను, చూడు" అన్నాడు భర్త. ఈసారి రెండు బుజ్జిలనూ విడివిడిగా పిలిచేలా, కింది పెట్టెనే తీసేలా రాశాడు. మీట నొక్కాడు. ప్రోగ్రాం ఆగింది, జవాబొచ్చింది, సరైన పెట్టె తెరుచుకుంది. తెర మీద ఒకే వరుస.

"మీ మనసులో మాట ఇక్కడ రాయండి."

"ఛ! మళ్ళీ తప్పు!" అని ఆటోమేటిక్ తల పట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ అదే. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. అత్తగారి ఫోను కూడా కట్టేయించాడు. అయినా అదే వచ్చింది. భార్య తన ఫోనులో ఆర్డరు తెరిచి, కళ్ళతోనే చూసింది. అక్కడా అదే ఉంది. పొద్దున ఆర్డరు వచ్చిందని చూసుకుందే గానీ, ఇంత కిందిదాకా చూడలేదు.

"తప్పు కాదండీ" అంది నెమ్మదిగా. "ఈసారి మీ ప్రోగ్రాం నిజమే చెప్తోంది. ఆ పెట్టెలో ఆయన ఏమీ రాయలేదు. సైటువాళ్ళు పెట్టిన మాట అలాగే ఉంది."

బేకరీవాళ్ళను బెదిరించడానికి మూడు వాక్యాలు రాసిన మనిషికి, ఇన్నేళ్ళు పక్క గదిలోనే పనిచేసిన పెద్దాయనకు చెప్పడానికి ఒక్క మాట తోచలేదు. ఆటోమేటిక్‌కి ఉత్సాహం పొంగుకొచ్చింది. "అయితే తప్పు మనది కాదు! పద, వెళ్ళి అందరిముందూ ఇది చూపిద్దాం!"

"చూపిస్తే ఆ పెద్దాయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?" అంది ఆమె. "మీరు నా వెంట రండి. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రండి."

క్రీము గిన్నె, గరిటె, కోను సంచీలో పెట్టుకుని ఆమె బయల్దేరింది. చిన్నసారును వరండాలోనే పక్కకు పిలిచి, ఫోను ఆయన కళ్ళముందు పెట్టింది. ఆయన చదివాడు. మొహం తెల్లబడింది. "తర్వాత రాద్దామనుకున్నానండీ. ఏం రాయాలో తెలియక... మరిచిపోయాను" అన్నాడు. ఆమె ఫోను సంచీలో వేసేసి లోపలికి నడిచింది. కాసేపు బతిమాలాక పెద్దసారు గది తలుపు తెరుచుకుంది. ఆఫీసంతా గుమ్మంలో పోగైంది.

ఆటోమేటిక్ నేరం ఒప్పుకోక తప్పలేదు. ప్రోగ్రాం సంగతంతా మళ్ళీ చెప్పాడు. పెద్దసారు ముప్పై ఏళ్ళు ప్లాన్లు చూసిన మనిషి, త్వరగానే గ్రహించాడు.

"అంటే దరఖాస్తు పెట్టి, అనుమతి రాకముందే ఇల్లు కట్టేశారు."

"ఔను సార్."

"రెండోసారి అనుమతి వచ్చాకే కట్టారు గానీ, పక్కవాడి స్థలంలో కట్టారు."

"ఔను సార్."

"ఇలాంటివాటికి మేం కూల్చివేత నోటీసిస్తాం" అన్నాడు. తర్వాత బల్ల మీది పొద్దుటి కేకును చూసి గొంతు తగ్గించాడు. "అంటే... నన్ను ఆగమన్నది వీళ్ళెవరూ కాదన్నమాట."

ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు. "పోనీలే. మరి నాకోసం వీళ్ళు రాయించిన అసలు మాటేమిటి? అదైనా చెప్పండి."

"మూడోసారి సరైన స్థలమే సార్, కానీ అక్కడ..." అని ఆటోమేటిక్ మొదలుపెట్టాడు. భార్య అతని కాలు తొక్కింది. బాగా తొక్కింది.

"అక్కడ ఖాళీగా ఉంచారు సార్" అంది ఆమె. "అచ్చులో వద్దట. మీ ముందే, తమ చేత్తో రాస్తారట. అందుకే సామాను పట్టుకొచ్చాను."

చిన్న కేకు మీది చక్కెర పొరను గరిటెతో గీకేసి, కొత్త క్రీము నున్నగా పూసింది. కోను చిన్నసారు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పేలబోయే వస్తువును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఎదురుగా పెద్దసారు చూస్తున్నాడు. తప్పించుకోవడానికి ఆ గదికి రెండో తలుపు లేదు. వంగి రాయడం మొదలుపెట్టాడు. కోనును ఎంత గట్టిగా పిండాలో తెలియక మొదటి అక్షరం గుమ్మడికాయంత వచ్చింది. రెండు పదాలకే కేకు అయిపోయింది.

"మీరు లేకపోతే."

పెద్దసారు చాలాసేపు చూశాడు. "లేకపోతే? లేకపోతే ఏమవుతుందయ్యా?"

చిన్నసారు నుదుటి చెమట తుడుచుకుంటే క్రీము అంటుకుంది. ఏదో పెద్ద వాక్యమే చెబుదామని నోరు తెరిచాడు గానీ వేరేది బయటికొచ్చింది.

"తెలీదు సార్. భయంగా ఉంది. ఇన్నాళ్ళూ ఏ ఫైలు తప్పుపోయినా మీరున్నారు కదాని నిద్రపోయాను. రేపట్నుంచి ఆ కుర్చీలో నేనే ఉంటే... నాకు నిజంగా భయంగా ఉంది సార్. అందుకే ఏం రాయాలో తోచలేదు."

అప్పుడు పెద్దసారు నవ్వాడు. కళ్ళనిండా నీళ్ళతో, హాయిగా నవ్వాడు. ఆ వారంలో ఆయన ప్రతి బల్ల దగ్గరా నిలబడి వెతుక్కున్నది సరిగ్గా ఆ మాటే. అది దొరికాక ఆ ఏడాదితో ఇక పనిలేదు.

"ఆ కుర్చీకి కావాల్సింది భయమేనయ్యా. అది లేనివాడికైతే నేను అప్పగించను" అని ఫోను అందుకున్నాడు. పైవాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పేశాడు, ఇవాళ్టితో సెలవని. చిన్నసారు ఆయన చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. టైపిస్టు ఈసారి ఎవరినీ చూడకుండా చప్పట్లు కొట్టింది. రెండు కేకులూ అప్పుడే కోశారు.

బయటికొచ్చేటప్పుడు చిన్నసారు కేకులావిడ వెనకే వచ్చాడు. చొక్కా నిండా క్రీముంది. "ఏడాది కేకులూ మీవే మేడమ్. ఇది మాట. నా పరువు నిలబెట్టారు" అన్నాడు. ఆమె అక్కడికక్కడే కొట్టు యజమానికి ఫోన్ చేసి ఔనని చెప్పింది. సంతోషంలో మాటలన్నీ కలిపేయడంతో, ఆయనకు అర్థంకాక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మరుసటి వారమే పొయ్యి, గిన్నెలు, చక్కెరపొడి మూల కొట్టుకు తరలిపోయాయి. అత్తగారు తన వంటింట్లో మధ్యకు వచ్చి నిలబడి, నాలుగు గోడలూ తనివితీరా చూసుకుంది. కొట్టులో కేకుల మీద రాత ఇప్పుడు కొన్నవాళ్ళదే. కోను తీసుకుని వచ్చినవాళ్ళు వంకరటింకరగా రాసుకుంటారు, చాలామంది మధ్యలో కళ్ళు తుడుచుకుంటారు. ఆ రద్దీ చూసి, కోనులు ఎవరికి ఎప్పుడు అందాలో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి రాస్తానని ఆటోమేటిక్ ముందుకొచ్చాడు. భార్య అతనికి మైదా బస్తాలు దింపే పని అప్పగించింది. అందులో అతను ఇంతవరకూ ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదు.